మణికట్టుకు కట్టని తాడు

“మోటరు ఇప్పుతవా, పడవనే నరకాల్నా? ఒక్క మాట చెప్పు వదినె!”

“నరుకు. చేతుల గొడ్డలి ఉన్నది గద, నరుకు. పడవ కన్న ముందుగాల నన్ను నరుకు.”

“నీ కొడుకు నా వల మీదికెల్లి తోలుడు ఇది మూడోపారి. ఇగో చూడు, ఇది వలనా, కుక్కలు పీకిన బొంతనా?”

“నడి చెరువుల వల ఏసి బెండ్లు నీళ్లల్ల ముంచి పెడితివి. పైకెల్లి పొయ్యేటోనికి ఎట్ల కనవడ్తదిరా?”

“మా అన్న ఉన్నప్పటి సంది ఆడనే ఏస్తున్న! ఏంది, చెరువును మోటరుతోని దున్నుతరా? ఎవనబ్బ సొమ్మని?”

“మీ అన్న పేరెత్తకు. నోరు మూస్కోని పో.”

అతను నా మరిది, నా పెనిమిటికి తమ్ముడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆరేళ్లవాడు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. నోరు మూసుకోలేదు. గొడ్డలి ఎత్తి పడవ అంచు మీద వేశాడు. గొడ్డలి చెక్కలో దిగి ఇరుక్కుపోయింది. దాన్ని ఊడబెరకడానికి వంగినప్పుడు నా కొడుకు వెనకనుంచి మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. గుద్దుకున్నారు, కరుచుకున్నారు. నేను పడవలోంచి తెడ్డు తీసుకుని కొట్టాను. ఎవరిని కొట్టావని అడిగితే చెప్పలేను. పైన ఎవరి వీపు ఉంటే దాని మీద కొట్టాను. తెడ్డు విరిగింది. అప్పుడు విడిపోయారు.

మరిది నోటి నుంచి రక్తం ఉమ్మి, “నీళ్ల మీద దొరకవారా?” అని నా కొడుకుతో అన్నాడు. చిరిగిన వలను మా గడప ముందు పారేసి వెళ్లాడు.

అది ఆదివారం పొద్దున. ఆ రోజు సాయంత్రానికి ఏమైందో చెప్పాలంటే, ముందు ఆ మోటరు మా చెరువుకు ఎట్లా వచ్చిందో చెప్పాలి.

పడవ మాది కాదు. బతుకంతా ఓడల మీద పని చేసి వచ్చిన ఒక పెద్దాయనది. కోస్తా వైపు మనిషి. మా చెరువు అవతల కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కొనుక్కున్నాడు. “సముద్రం లేని ఊళ్లో ముసలితనం గడపాల్సొచ్చిందండి, కనీసం చెరువైనా ఉండాలి కదండీ,” అనేవాడు. నలుగురు కూర్చునే చిన్న పడవ, ఒక కొయ్య, ఒక తెల్లని తెరచాప. దాన్ని చూసుకోవడానికి నా కొడుకును పెట్టుకున్నాడు. మా ఊళ్లో మగవాళ్లందరూ భూములు అమ్ముకుని, ఆ అద్దాల మేడల ముందు నీలం అంగీ తొడుక్కుని గేటు కాస్తున్న రోజులవి. నా కొడుకు ఒక్కడే నీళ్ల మీద బతుకుతున్నాడు. అది నాకు గొప్పగా ఉండేది. ఆ గొప్పకు మరిది కళ్లు మండేవి.

తెరచాప పడవంటే నాకు మొదట్లో ఇష్టమే. గాలికి ఖర్చు లేదు. కానీ మా చెరువు చుట్టూ గుట్టలు. బండల మీద బండలు పేర్చినట్టు ఉంటాయి. కట్ట దగ్గర గాలి బాగానే ఉంటుంది. నడి చెరువు దాటి గుట్ట చాటుకు పోయేసరికి చచ్చిపోతుంది. తెరచాప తడి చీరలా వేలాడుతుంది. పడవ కదలదు. ఆదివారం పూట మెడలో కార్డులు వేలాడేసుకుని వచ్చే కంప్యూటరు పిల్లలను పెద్దాయన సరదాగా ఎక్కించేవాడు. వాళ్లు ఆ గుట్ట చాటున ఎండలో రెండు గంటలు ఇరుక్కుని, నా కొడుకు తెడ్డు వేసి గట్టుకు చేర్చేదాకా తల్లిని తలుచుకునేవాళ్లు. ఒకమ్మాయి చెరువులో వాంతి కూడా చేసుకుంది.

అందుకని పెద్దాయన మోటరు తెచ్చాడు. పాతదే. ఎవరో ఓడవాళ్లది. పడవ వెనక చెక్కకు రెండు మరలతో బిగించి వేలాడదీస్తారు. పైన తలకాయ లాంటి మూత, కింద పొడుగు కాడ, కాడ చివర మూడు రెక్కల ఫ్యాను. గాలి ఉన్నంతసేపు దాన్ని వెనక్కి వంచి నీళ్లలోంచి పైకెత్తి ఉంచాలి, లేకపోతే పడవను గుంజుతుంది. గాలి ఆగినప్పుడు తెరచాప దించి, మోటరు కిందికి దింపి, తాడు లాగి స్టార్టు చేయాలి. ముందుకు ఉన్న పిడి తిప్పితే వేగం పెరుగుతుంది. ఆ పిడిని అటూ ఇటూ జరిపితే పడవ మళ్లుతుంది. పిడి వదిలినా వేగం తగ్గదు, తిప్పిన కాడే ఉంటుంది. ఇవన్నీ నేను గట్టు మీద కూర్చుని చూసి నేర్చుకున్నవి. పక్కనుంచి సన్నగా నీటి ధార పడుతుంటే మోటరు చల్లగా ఉన్నట్టు. పెద్దాయన గట్టు మీదనుంచి “ఉచ్చ పోస్తోందా?” అని అరిచేవాడు. నా కొడుకు “పోస్తున్నది సార్!” అని అరిచేవాడు. బట్టలు ఉతికే ఆడవాళ్లు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. గాలి ఊరికే వచ్చేది. ఇది పెట్రోలు తాగుతుంది, ఆ పెట్రోల్లో నూనె కూడా కలపాలట. చెరువులో పెరిగే గుర్రపు డెక్క రెక్కలకు చుట్టుకుంటే ఆగిపోతుంది, కత్తితో కోసి తీయాలి. చేపల్లో కూడా ఆ వాసన వచ్చింది. మరిది చెప్పింది అబద్ధం కాదు, నా కొడుకు అతని వల మీదికి మూడుసార్లు పోయాడు. మొదటిది తప్పు. రెండోది అజాగ్రత్త. మూడోది ఏమిటో నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతాడని భయం.

ఇక తాడు సంగతి.

స్టార్టు చేసే తాడు కాక, మోటరుకు ఇంకో ఎర్రటి తాడు ఉండేది. చుట్టలు చుట్టలుగా, లాగితే సాగేది. ఒక చివర ఎర్ర ప్లాస్టిక్ ముక్క. అది మోటరు ముందు బొత్తం కింద ఇరికి ఉంటేనే మోటరు నడుస్తుంది. రెండో చివర ఉచ్చు. దాన్ని నడిపేవాడి మణికట్టుకు వేసుకోవాలి. పెద్దాయన నా కొడుకుతో, “ఇది చేతికి లేకుండా మోటరు ముట్టుకోవద్దు బాబూ,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. మోటరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో కూడా బొమ్మ ఉంది, మనిషి మణికట్టు నుంచి మోటరుకు తాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ రాత నాకు రాదు. బొమ్మ చాలు అనుకున్నాను.

మా ఇంట్లో మణికట్టు తాడు తెలియనివాళ్లు లేరు. విసురు వలకు చేతాడు ఉంటుంది. వల విసిరితే చేతిలోంచి పోకుండా ఎడమ మణికట్టుకు ఉచ్చు వేసుకుంటారు. నా పెనిమిటి అట్లాగే వేసుకున్నాడు. వల చెరువు అడుగున బండల మధ్య పట్టేసింది. లాగుతూ తెప్ప మీదనుంచి తూలి పడ్డాడు. ఉచ్చు బిగిసింది. మరిదే మునిగి తీశాడు. తీసేసరికి నా పెనిమిటి చేతికి ఉచ్చు ఎముకదాకా దిగి ఉంది.

కాబట్టి ఆ బొమ్మ చూసి నాకు అర్థమైంది ఒక్కటే. మోటరు మరలు వదులై నీళ్లలో పడితే పోకుండా ఉండటానికి ఈ తాడు. అంత బరువు పడితే తాడు మోటరును ఆపుతుందా? మోటరే నా కొడుకును అడుక్కు గుంజుకుపోతుంది.

“అమ్మా, సారు తిడ్తడే,” అన్నాడు నా కొడుకు.

“సారుకు పోయేది మోటరు. నాకు పోయేది నువ్వు. చేతికి కట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త.”

మొదట తాడంతా పీకేశాను. మోటరు స్టార్టు కాలేదు. అందుకని ఆ ఎర్ర ముక్కను మళ్లీ బొత్తం కింద ఇరికించి, ముక్క మొదలుదాకా తాడును చేపల కత్తితో కోశాను. మంచి తాడు, పారేయబుద్ధి కాలేదు. కోళ్ల గూటి తలుపుకు కట్టాను. పెద్దాయన అప్పుడు ఊరికి పోయి ఉన్నాడు. ఇదంతా ఆ ఆదివారానికి వారం ముందు.

ఆదివారం పొద్దున కొట్లాట తర్వాత నా కొడుకు మూతి కడుక్కుని, అంచు మీద గొడ్డలి గాటుకు గుడ్డ కుక్కి, నాలుగింటికి పడవ తీశాడు. పెద్దాయన ఊరినుంచి వచ్చాడు, పడవను అవతలి గట్టుకు తెమ్మని కబురు పెట్టాడు. నేను కట్ట మీద ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్నాను. గుట్టకు అవతల కొత్త బిల్డింగు కోసం బండలు తొలిచే కంప్రెసరు మొత్తుకుంటోంది. ఆ మోతలో పక్క మనిషి మాట కూడా వినబడదు.

గాలికి గుట్ట అడ్డమయ్యే చోటికి పోయాక తెరచాప వాలిపోవడం చూశాను. నా కొడుకు దాన్ని దించాడు, మోటరు కిందికి వంచాడు, స్టార్టు తాడు రెండుసార్లు లాగాడు. నీలం పొగ లేచింది. మరిది అక్కడే ఉన్నాడు, తెప్ప మీద. చేతిలో విసురు వల. మోటరు చూసి వల విసరడం ఆపాడు. వలను భుజాన వేసుకుని, తెప్పను సరిగ్గా పడవకు అడ్డంగా తోశాడు. నా కొడుకు తప్పించలేదు. గుద్దాడు. తెప్ప తిరగబడే లోపల మరిది పడవలోకి దూకాడు.

వాళ్ల మాటలు నాకు వినబడలేదు. చేతులే కనబడ్డాయి. మరిది మోటరు మీద పడ్డాడు, దాన్ని ఊడబెరుకుదామని. నా కొడుకు ఒక చేత్తో పిడి వదలకుండా రెండో చేత్తో అతని మొహం మీద గుద్దాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. మరిది తోసింది నేను చూడలేదు. ఇద్దరూ ఒరిగారు, ఒకడు లోపలికి పడ్డాడు, ఒకడు బయటికి పడ్డాడు. బయట పడింది నా కొడుకు. పడుతూ పడుతూ పట్టు కోసం పిడిని గట్టిగా పట్టుకున్నాడు, అది చివరిదాకా తిరిగిపోయింది.

మోటరు ఒక్క అరుపు అరిచింది. పట్టుకునే చెయ్యి లేక మెడ పక్కకు తిప్పుకుంది. పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. గానుగెద్దుకు వేగం ఉండదు. దీనికి ఉంది. మధ్యలో నా కొడుకు తల.

ఆ తాడు దేనికో నాకు అప్పుడు తెలిసింది. మనిషి పడితే తాడు గుంజుకుంటుంది. ఎర్ర ముక్క ఊడుతుంది. మోటరు చస్తుంది. అంతే. అంత చిన్న సంగతి.

“ఎర్ర ముక్క గుంజురా! ఎర్రది! గుంజురా!” అని అరిచాను. గొంతు చీలిపోయేలా అరిచాను. కంప్రెసరు నా అరుపును తినేసింది. మరిది పడవలో మోకాళ్ల మీద లేచి, ఆ మోటరు తలకాయను పిడికిళ్లతో గుద్దుతున్నాడు. ఎక్కడ నొక్కాలో తెలియదు. మళ్లీ ఒరిగి పడ్డాడు. పడవ మొదటి చుట్టు నా కొడుక్కు బారెడు దూరంలో పోయింది. వాడు మునిగాడు. రెండో చుట్టు వాడు మునిగే లోపల వచ్చింది. వాడి నోరు తెరుచుకోవడం కనబడింది. వెనక నీళ్లు ఎర్రగా లేచాయి.

మరిది అప్పుడు భుజం మీది వలను తీసి, కూర్చున్న చోటినుంచే మోటరు వెనక నీళ్ల మీద విసిరాడు. విప్పి విసిరేంత చోటు లేదు, ముద్దగా పడేశాడు. వల అంచుకున్న సీసం గుండ్లు రెక్కలకు తగిలి తుపాకి పేల్చినట్టు మోగాయి. వల చుట్టుకుంది. చేతాడు అతని మణికట్టుకే ఉంది, తీసే తీరిక ఎక్కడిది? చెయ్యి మోచేతిదాకా నీళ్లలోకి పోయింది, మొహం పోయి మోటరు మూతకు కొట్టుకుంది. మోటరు రెండుసార్లు దగ్గి ఆగింది.

గట్టున ఉన్న ఇంకో తెప్పను నేనే తోసుకుంటూ పోయాను. చేపల కత్తి నడుముకు ఉంది. నేను చేరేసరికి మరిది ఒక చెయ్యి మోటరు కింద ఇరుక్కుని, రెండో చేత్తో నా కొడుకు జుట్టు పట్టుకుని ఉన్నాడు. ముందరి పళ్లు రెండు లేవు. “ముందు ఆన్ని పట్టు వదినె,” అన్నాడు. నా కొడుకును తెప్ప మీదికి లాగాను. తర్వాత చేతాడు కోశాను. కొడుకు పిక్క ఎముకదాకా విచ్చుకుని ఉంది. కొంగు చింపి కట్టాను. అప్పటికి గట్టు మీద జనం చేరారు, నా కోడలు కూడా ఉరికి వచ్చింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం, నేను, కోడలు. పాదాన్ని ఎత్తే నరం తెగిందన్నారు. కుట్టారు. కాలు ఉంచాలో తీసేయాలో పొద్దున చూసి చెప్తామన్నారు. పెద్దాయన వెనకనే వచ్చాడు.

“అమ్మా, తాడు చేతికి కట్టుకోలేదా అండి వాడు?”

“నాకేం తెలుసు సారూ,” అన్నాను.

“కట్టుకుంటే పడగానే ఆగిపోతుందండి. అందుకే కదండీ చెప్పింది.”

నేను గోడ వైపు చూశాను. కోడలు పక్కనే ఉంది.

రాత్రి పొద్దుపోయాక బట్టలు తీసుకుపోవడానికి ఇంటికి వచ్చాను. మా గల్లీ మొగదల కరెంటు స్తంభానికి మరిదిని కట్టేశారు. మా వాళ్లే, ఊరివాళ్లే. కొట్టారు కూడా. మొహం గుర్తుపట్టేలా లేదు. ఉబ్బిన చెయ్యిని తాడుతో వెనక్కి విరిచి కట్టారు. “పొద్దున పోలీసు టేషన్ల ఒప్పజెప్తం, ఖూనీ చెయ్యబోయిండని రాయిస్తం,” అన్నారు. పొద్దున గొడ్డలి ఎత్తడం అందరూ చూసిందే, నీళ్ల మీద దొరకవా అన్నది అందరూ విన్నదే.

నేను పక్కనుంచి పోతుంటే అతను తల ఎత్తాడు.

“వదినె, నేను నూకలేదు. నీ కొడుకు ఆనంతల ఆనే పడ్డడు. నువ్వు సూసినవ్ గద?”

నేను చూశాను. ఏమీ అనకుండా ఇంట్లోకి పోయి బట్టలు మూట కట్టుకున్నాను. అదే స్తంభం పక్కనుంచి మళ్లీ బయటికి వచ్చాను. జీవితంలో చాలామందిని తిట్టాను, కొట్టాను, వాటిలో దేనికీ నేను బాధపడింది లేదు. ఆ రెండుసార్లు నోరు మూసుకుని నడిచానే, అది మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

తెల్లవారి నేను, కోడలు దవాఖాన నుంచి అన్నం వండుకుపోదామని ఇంటికి వచ్చాం. స్తంభం దగ్గర పదిమంది ఉన్నారు. స్టేషనుకు పోవడానికి ఆటో నిలబడి ఉంది. పెద్దాయన కూడా ఉన్నాడు. ఒకతను మరిది కట్లు విప్పి రెక్క పట్టుకుని లేపుతున్నాడు.

“ఆగు,” అన్నాను. “తోసిండని ఎవరు జూసిండ్రు? నేను జూసిన, తొయ్యలే. ఇద్దరు ఒరిగిండ్రు. ఈడు వల ఎయ్యకపోతే నా కొడుకు తునకలయ్యేటోడు.”

“మరి మోటరు ఆగకపాయె గద?” అని ఎవరో అన్నారు.

“తాడు నేను కోసిన. పడితె మోటరు ఆగేందుకు ఉంటదట ఆ తాడు. నేను కోసి కోళ్ల గూటికి కట్టిన. రాత్రి సారు అడిగితె నాకు తెల్వదని చెప్పిన.”

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోడలు నా ముందుకు వచ్చింది. పదేళ్లుగా నా ఎదుట గొంతెత్తని పిల్ల. నా చెంప మీద కొట్టింది. నా చెవిలో గుయ్యిమంది. ఇంకొకటి కొట్టింది. “నోరుండి కూడ సచ్చినవా అత్తా?” అంది. ఎవరో ఆమెను పట్టుకోబోతే వద్దన్నాను.

మరిదిని వదిలేశారు. అతను నా మొహం చూడకుండా, చేతిని ఇంకో చేత్తో మోసుకుంటూ వాళ్లింటికి పోయాడు. పెద్దాయన తన మోటరును విప్పించి ఆటోలో వేసుకుపోయాడు.

నేను అన్నం, చారు వండాను. ఇద్దరం బస్సెక్కి దవాఖానకు పోయాం. కాలు తీసే పని లేదని, కానీ ఆ పాదం ఇక ఎత్తి నడవలేడని డాక్టరు చెప్పాడు. నేను గిన్నె విప్పి అన్నం కలిపాను. కోడలు నా చేతిలోంచి గిన్నె తీసుకుని, మంచం మీద కూర్చుని తనే తినిపించింది.